వేదికా, క్లాసా? జెంబె కళాకారులకు ఏది మేలు

పశ్చిమాఫ్రికా నృత్యాన్ని, దానికి తోడుగా చేతులతో వాయించే జెంబె అనే తోలు వాద్యాన్ని బతుకుదెరువుగా పెట్టుకున్నవాళ్లు బృందంతో ప్రదర్శనలివ్వాలి, లేదా క్లాసులు చెప్పాలి. చాలామంది రెండూ చేస్తారు. ఏది ముందు, దేనితో ఇల్లు గడవాలి అన్న దగ్గరే చిక్కు. మా ఓటు ముందు వేదికకు, తర్వాత క్లాసుకు. గినియాకు చెందిన మామదీ కేతా నడిచిన దారి ఇదే. 1964లో, ఇంకా కుర్రతనంలోనే, గినియా జాతీయ నృత్య బృందం బాలే జోలిబాలో చేరాడు. తామ్‌తామ్ మాండింగ్ పేరుతో సొంత బడి పెట్టింది 1991లో, బ్రస్సెల్స్‌లో.

బృందంలో ఒంటబట్టే పెద్ద విద్య బ్రేక్. ప్రధాన జెంబె వాయించేవాడు చిన్న పిలుపు ఇస్తాడు. అది ముగియగానే నర్తకులందరూ ఒక్కసారిగా అడుగు మార్చాలి. పిలుపు ఒక్క మాత్ర ఆలస్యమైందా, సగం మంది కొత్త అడుగులో, సగం మంది పాత అడుగులో ఉంటారు. అందుకే అతని చూపు తన చేతుల మీద ఉండదు, నర్తకుల పాదాల మీద ఉంటుంది. సోలీ, దునున్‌బా లాంటి తిశ్ర (మూడేసి మాత్రల) నడక లయల్లో ఇది మరీ కష్టం. కొత్తవాళ్లు తెలియకుండానే చతురశ్రంలోకి, అంటే నాలుగేసి మాత్రల నడకలోకి జారిపోతారు. ఈ పట్టు లేకుండా క్లాసు పెట్టినవాళ్లు అడుగులు చూపించగలరు గానీ, విద్యార్థులకు వినడం నేర్పలేరు.

వేదికలో లోపాలూ ఉన్నాయి. కసా అనేది ఊళ్లో గంటల తరబడి సాగే పొలం పనులప్పటి లయ. వేదికెక్కేసరికి అది కొన్ని నిమిషాలకు కుదించుకుపోయి, వేగం పుంజుకుని, ప్రేక్షకుల వైపు తిరిగిన వరుసలుగా మారుతుంది. బృందం దారి ఒక్కటే తెలిసినవాళ్లు ఆ వేగాన్నే సంప్రదాయం అనుకుని విద్యార్థుల నెత్తిన రుద్దుతారు. పైగా చెక్క నేల లేని వేదికల మీద గెంతులు మోకాళ్లను తినేస్తాయి. ఆదాయానికీ నిలకడ లేదు.

ఇక క్లాసు. అసలు లెక్కంతా వాద్యకారుల దగ్గరే తేలుతుంది. గంటన్నర నృత్య క్లాసుకు కనీసం ముగ్గురు కావాలి: ప్రధాన జెంబె, తోడు జెంబె, కర్రలతో వాయించే దునున్ డోళ్లు. దునున్‌బా (పైన చెప్పిన లయ కాదు, అదే పేరున్న డోలు), సాంగ్‌బాన్, కెన్‌కెనీ అనే మూడు దునున్‌లనూ పక్కపక్కన నిలబెట్టి ఒక్కడే వాయించే బాలే (వేదిక బృందాల) పద్ధతి ఉండబట్టి ముగ్గురితో సరిపోతుంది గానీ, లేకపోతే అయిదుగురు. అమెరికా నగరంలో తలకు 20 డాలర్ల చొప్పున 14 మంది వచ్చారనుకుందాం: 280. హాలు అద్దె 70, ముగ్గురికీ 40 చొప్పున 120 పోతే మిగిలేది 90. వానపడి 8 మందే వస్తే వచ్చేది 160, ఇవ్వాల్సింది 190. ఎదురు 30 జేబులోంచి పడుతుంది. ఎనిమిది వారాల రుసుం ముందే కట్టించుకుంటే ఈ దెబ్బ తప్పుతుంది. రికార్డు పెట్టి నడిపితే డబ్బు మిగులుతుంది, కానీ బ్రేక్ టీచరు చెప్పుచేతల్లో ఉండదు. అది సగం క్లాసే.

వాద్యం క్లాసులో ఆ ఖర్చు లేదు, టీచరే వాయిస్తాడు. ఖర్చు ఇంకో రూపంలో వస్తుంది. పది జెంబెలు కావాలి, ఒక్కోటీ ఆరేడు కిలోలు తూగుతుంది. హీటర్ వేసిన పొడి గదిలో మేకతోలు బిగుసుకుని పగులుతుంది, ముసురులో వదులైపోతుంది. వెనకటికి మన డప్పును కాచినట్టే జెంబెనూ మంట దగ్గర పెట్టేవారు. ఇప్పుడు నిలువు తాళ్ల మధ్య అడ్డుతాడు అల్లి లాగుతారు. తోలు బాగా బిగిసి ఉన్నప్పుడు మళ్లీ లాగారంటే చిరిగిందన్నమాటే. ఎండలో కారులో వదిలేయడమంటే తోలు పోగొట్టుకోవడమే.

కొత్తవాళ్ల చేతులు గమనించాలి. ఉంగరాలు తీయించాలి. స్లాప్ (పదునుగా మోగే దెబ్బ) మోత రాలేదని చేతి మొత్తంతో గట్టిగా బాదేవాళ్లకు వేళ్ల మొదళ్లు వాస్తాయి. గంటలకొద్దీ అలా బాదితే మూత్రం ఎర్రగా రావడమూ ఉంది, అరచేతుల్లో ఎర్ర రక్తకణాలు చితకడం వల్ల. చిన్న గదిలో పదిమంది వాయిస్తుంటే చెవిప్లగ్గులు తప్పనిసరి. వారానికి నాలుగైదు క్లాసులు చెప్పే టీచరుకైతే మరీను.

దేశాన్ని బట్టి కూడా త్రాసు మొగ్గుతుంది. ఫ్రాన్స్‌లో కళాకారుల నిరుద్యోగ భృతికి 12 నెలల్లో 507 గంటల పని చూపాలి. వాటిలో బోధన గంటలు 70కి మించి లెక్కకు రావు, 50 ఏళ్లు దాటినవారికి 120. అంటే అక్కడ క్లాసుల మీదే బతకాలనుకుంటే ఈ రక్షణ అందడం కష్టం, వేదికను వదులుకోకూడదు. ఒక సంస్కృతికే ప్రత్యేకమైన కళల కళాకారులకు ఇచ్చే అమెరికా పీ-3 వీసా ప్రదర్శనకూ బోధనకూ రెండింటికీ పనికొస్తుంది, కానీ దరఖాస్తు పెట్టాల్సింది అక్కడి సంస్థ. గినియా రాజధాని కోనక్రీ నుంచో సెనెగల్ రాజధాని డకార్ నుంచో వెళ్లదలిచినవారు ముందు పిలిచే బడిని వెతుక్కోవాలి, వీసా సంగతి ఆ తర్వాతే.