కుక్కల లైఫ్ జాకెట్: ముందు హ్యాండిల్ చూడండి, రంగు తర్వాత

మా కాటుక నల్ల లాబ్రడార్, బరువు దాదాపు 30 కిలోలు. తెరచాప పడవలో తీరం వెంబడి ఎక్కడికి వెళ్లినా మాతోనే ఉంటుంది. దాని కోసం కొన్న ఫోమ్ లైఫ్ జాకెట్ గురించి ఇది.

ఈత వచ్చిన కుక్కకి జాకెట్ దేనికని చాలామంది అడుగుతారు. ఈదడం వేరు, పడవలోకి తిరిగి ఎక్కడం వేరు. డెక్, అంటే పడవ పైతలం, నీటికి బాగా ఎత్తులో ఉంటుంది, నిట్టనిలువు నిచ్చెన కుక్క ఎక్కలేదు. పైగా గాలి మీద పోతున్న పడవకి బ్రేకులుండవు. దాన్ని తిప్పుకుని వెనక్కి వచ్చేదాకా కుక్క అలల్లో ఈదుతూనే ఉండాలి. ఆ కంగారులో ఉప్పునీళ్లు మింగుతుంది. ఎక్కువ మింగితే వాంతులు, విరేచనాలు, ఇంకా ముదిరితే ప్రాణాపాయం. అందుకే నా లెక్కలో తేల్చడం ఈ జాకెట్ చేసే పనిలో సగమే. మిగతా సగం మన చేతికి పట్టు దొరకడం.

ఆ పట్టు విషయంలో ఈ జాకెట్‌కి పూర్తి మార్కులు వేస్తాను. వీపు మీద ముందొకటి, వెనకొకటి రెండు హ్యాండిళ్లున్నాయి. హ్యాండిల్ పట్టీ పై గుడ్డకి అతికించినట్టు కుట్టి వదిలేయలేదు. అదే పట్టీ పక్కల నుంచి దిగి పొట్ట కింద బకిల్ దాకా వెళ్లింది. పట్టీ మలుపుల దగ్గర చతురస్రం కుట్టి, మధ్యలో ఇంటూ గుర్తులా అడ్డకుట్లు వేశారు. కొనేటప్పుడు వేలితో తడిమి చూడాల్సింది ఈ చోటునే. లంగరేసిన చోట, నీళ్లు కదలకుండా ఉన్నప్పుడు కాటుకని దింపి, మా తమ్ముడూ నేనూ చెరో హ్యాండిల్ పట్టుకుని పైకి లాగాం. పొట్ట కింద గుడ్డ వెడల్పుగా ఉండడంతో బరువంతా ఛాతీకీ పొట్టకీ సర్దుకుంది. అది కిక్కురుమనలేదు, జాకెట్ తల మీదుగా జారలేదు. సన్నటి పట్టీలు మాత్రమే ఉన్న రకం అయితే బరువంతా వాటి మీదే పడి ఒళ్లు కోసుకుపోతుంది, దయచేసి కొనకండి.

గడ్డం కింద ఫోమ్ ముక్క నీళ్లలో మూతిని పైకెత్తి పట్టుకుంటుంది. కానీ కాక్‌పిట్‌లో (పడవ నడిపేవాళ్లు కూర్చునే పల్లంలో) పడుకున్నప్పుడు గొంతుకి అడ్డం. కాటుక దాన్ని కాలితో గీరుతూనే ఉంటుంది.

రంగు మెరిసే నారింజ. నల్లకుక్క తల అలల మధ్య ఎంత త్వరగా మాయమవుతుందో చూసినవాళ్లకి దాని విలువ తెలుస్తుంది. వీపు మీది వెండిరంగు పట్టీ చీకట్లో టార్చి వెలుతురుకి చక్కగా మెరుస్తుంది.

అసలు లోపం వేడి. కుక్కకి చెమట దాదాపుగా పాదాల అడుగునే పడుతుంది, ఒళ్లు చల్లబరుచుకోవడానికి ఉన్న ముఖ్యమైన దారి రొప్పడమే. ఎండలో, అదీ నల్ల ఒంటి మీద, ఈ మందపాటి ఫోమ్ దుప్పటి కప్పినట్టే. పొట్ట దగ్గర వల గుడ్డ పెట్టామని కంపెనీవాళ్లు గొప్పగా రాశారు గానీ నాకేం తేడా కనిపించలేదు. రొప్పుడు ఎక్కువైతే వెంటనే నీడలోకి తెచ్చి, జాకెట్ విప్పి, ఒళ్లు తడపాలి. లంగరేసి ఉన్నప్పుడు మేం విప్పేస్తాం.

లేబుల్ మీద బరువు చూసి సైజు ఎంచుకోకండి. ముందరి కాళ్ల వెనక ఛాతీ చుట్టుకొలత టేపుతో కొలవండి. మనుషుల జాకెట్లని అమెరికా కోస్ట్ గార్డ్ ఆమోదిస్తుంది, కుక్కల జాకెట్లకి అలాంటి ఆమోదమే లేదు. కాబట్టి లేబుల్ మీద రాసింది కంపెనీ మాట మాత్రమే. వేశాక హ్యాండిల్ పట్టుకుని ముందరి కాళ్లు కాస్త లేచేలా ఎత్తి చూడండి. జాకెట్ చెవుల వైపు జరిగితే పెద్దదైనట్టే.

ఇంకొకటి: వీపు మీది రింగు ఒడ్డున గొలుసు తగిలించడానికే. పడవకి కట్టాలంటే జాకెట్ లోపల వేరే హార్నెస్ (ఛాతీ చుట్టూ వేసే పట్టీలు) వేసి దానికే కట్టండి, మెడపట్టీకి మాత్రం ఎప్పుడూ కట్టొద్దు. తాడు కూడా కుక్క డెక్ అంచు దాటి వేలాడనంత పొట్టిగా ఉండాలి.

సముద్రం నుంచి రాగానే మంచినీళ్లతో కడిగి నీడలో ఆరేయండి. బకిళ్లలో ఉప్పు, ఇసుక చేరితే పళ్లు సరిగా పట్టవు. మూసినప్పుడు టక్కుమని చప్పుడు రాకపోతే మళ్లీ కడగాల్సిందే.