మూర్ఛ పోగొడతామని పొట్లాలు అమ్మేవారితో జాగ్రత్త

కోనసీమలో బస్టాండు గోడల మీద "మూర్ఛకు శాశ్వత విముక్తి, ఇంగ్లీషు మందులు అక్కరలేదు" అనే ప్రకటన చూసి, నెలకొక ఆదివారం లాడ్జి గదిలో కూర్చునే "ఫిట్స్ స్పెషలిస్టు" దగ్గర పొట్లాల కోర్సు కొనదలచినవారు, ముందుగా మా ఇంట్లో జరిగినది చదవవలసిందిగా కోరుతున్నాను.

మా అమ్మాయికి 19 ఏళ్లు. ఉదయం లేవగానే చేతులు అదిరి కాఫీ గ్లాసు జారిపోయేది. పరీక్షల ముందు నిద్ర చాలక రెండుసార్లు పెద్ద ఫిట్స్ వచ్చాయి. కాకినాడలో న్యూరాలజిస్టు రాసిన మాత్రలతో అవి అదుపులోనే ఉన్నా, పెళ్లిచూపుల వేళ మాత్రల డబ్బా ఎవరి కంటనైనా పడుతుందేమోనన్న భయంతో ఆ గది మెట్లు ఎక్కింది మేమే. (వివాహ రద్దుకు మూర్ఛను కారణంగా చూపే నిబంధనను హిందూ వివాహ చట్టం నుంచి 1999లోనే తొలగించారు, ఆ సంగతి మాకు తెలియదు, మా చుట్టాలకు ఇప్పటికీ తెలియదు.)

ఆ "స్పెషలిస్టు" ఈఈజీ (మెదడు తరంగాల పరీక్ష) కాగితాలు తిప్పి చూడలేదు. నాడి పట్టుకుని, ఆ రోజు నుంచే మాత్రలు మానెయ్యమని, ఆరు నెలల కోర్సుకు ముందే డబ్బు కట్టమని అన్నారు. రెండు కొబ్బరి దింపుల డబ్బు అక్కడ పోసి వచ్చాము. రసీదు ఇవ్వలేదు, పొట్లం మీద మందు పేరు కూడా లేదు.

నాలుగు నెలలు ఫిట్స్ రాలేదు గాని, పిల్ల పగలంతా మగతగా ఉండేది, మాట నెమ్మదించింది. అడిగితే నరాలు చల్లబడుతున్నాయన్నారు. అయిదో నెల ఆయన రాలేదు, ఫోను ఎత్తలేదు, పొట్లాలు అయిపోయాయి. మూడో రోజున, మధ్యలో తెలివి రాకుండానే ఒకదాని వెంట ఒకటిగా ఫిట్స్ వచ్చి, 108లో కాకినాడ తీసుకువెళితే అయిదు రోజులు ఐసీయూలో ఉంచారు. రక్తపరీక్షలో ఫినోబార్బిటోన్ బయటపడింది. 1912 నుంచి మూర్ఛకు వాడుతున్న, చాలా చౌకైన ఇంగ్లీషు మందు అది. దానినే పొడి చేసి మాకు మూలికగా అమ్మారన్నమాట.

అందువల్ల, ఇప్పటికే ఇటువంటి పొట్లాలు వాడుతున్నవారు కోపంతో ఈ రోజే వాటిని గోదావరిలో పారెయ్యకండి. లోపల ఫినోబార్బిటోన్ ఉంటే, ఉన్నట్టుండి ఆపడమే ప్రాణం మీదికి తెస్తుంది. పొట్లాలతో సహా రోగిని డి.ఎం. న్యూరాలజీ (నరాల వైద్యంలో ప్రత్యేక డిగ్రీ) చదివిన వైద్యుని దగ్గరకు తీసుకువెళ్లి, ఆయన చెప్పిన క్రమంలో తగ్గించుకోవాలి. మందు పేరు, మిల్లీగ్రాములు కాగితం మీద రాయనివారికి డబ్బు కట్టవద్దు. సరిగా ఎంచిన రెండు మందులు తగిన మోతాదులో వాడినా ఫిట్స్ ఆగకపోతే, హైదరాబాదు నిమ్స్‌లోనో తిరువనంతపురం శ్రీ చిత్ర సంస్థలోనో శస్త్రచికిత్సకు వీలుందేమో చూపించుకోవచ్చు.

మూర్ఛను నయం చేస్తామని ప్రకటించడమే 1954 నాటి డ్రగ్స్ అండ్ మ్యాజిక్ రెమెడీస్ చట్టం ప్రకారం నేరం. పొట్లాల అడుగున మిగిలిన పొడితో డ్రగ్ ఇన్‌స్పెక్టరుకు ఫిర్యాదు ఇచ్చాము. అమ్మాయి మళ్లీ పాత మాత్రలే వేసుకుంటోంది. మొన్న ఆదివారం చూస్తే ఆ గోడ మీద అదే ప్రకటన ఉంది, ఫోన్ నంబరు మాత్రం మారింది.