ద్వారకానగర్ గ్రామర్ క్లాసు: ఫ్యూచర్ పర్ఫెక్ట్ బాగా చెప్పారు, షీటు మాత్రం దిద్దాలి

విశాఖ ఆర్టీసీ కాంప్లెక్స్ నుంచి నడిచి వెళ్ళేంత దూరంలో, ద్వారకానగర్‌లో ఉన్న ఒక స్పోకెన్ ఇంగ్లిష్ సెంటర్ టెన్సుల కోర్సు మీద ఈ రివ్యూ. తెలుగు మీడియం పిల్లలు బాగా తడబడే ఫ్యూచర్ పర్ఫెక్ట్ (ఫలానా వేళకల్లా పని ముగిసి ఉంటుందని చెప్పే టెన్సు) పాఠాన్నే కొలబద్దగా తీసుకున్నాం.

పాఠం ఎత్తుకున్న తీరు చాలా బాగుంది. సూత్రం జోలికి పోకుండా ముందు బోర్డు మీద రెండు తెలుగు వాక్యాలు రాశారు. ‘అమ్మ ఐదింటికి వండుతుంది’ అంటే పొయ్యి వెలిగేది ఐదింటికి. ‘అమ్మ ఐదింటికల్లా వండేసి ఉంటుంది’ అంటే ఐదయ్యేసరికి గిన్నె దించేసినట్టే. మొదటిది ఎట్ ఫైవ్, రెండోది బై ఫైవ్. ఆ ‘కల్లా’, ఆ ‘వండేసి ఉంటుంది’ చెవిలో పడ్డాక ‘అమ్మ విల్ హావ్ కుక్డ్ బై ఫైవ్’ అనడానికి ఎవరూ తడుముకోరు.

తర్వాత నిర్మాణం: విల్, హావ్, క్రియ మూడో రూపం. హి అయినా షి అయినా హావే, విల్ పక్కన హాజ్ రాదు. కాదనాలంటే వోంట్ హావ్. ప్రశ్నయితే విల్ ముందుకొస్తుంది. దెబ్బతినేది మూడో రూపం దగ్గరే: ‘విల్ హావ్ వెంట్’, ‘విల్ హావ్ రోట్’ అనేస్తారు. గాన్, రిటెన్, ఈటెన్, టేకెన్ లాంటివి రోజూ అప్పజెప్పించుకుంటున్నారు. అది మానకూడదు.

క్లాసులో చేతికిచ్చే షీటు దగ్గరే పేచీ. ‘బై ద టైమ్ వి విల్ రీచ్ మద్దిలపాలెం, ద బస్ విల్ హావ్ లెఫ్ట్’ అని అచ్చేశారు. బై ద టైమ్ వెనక విల్ ఉండకూడదు, ‘వి రీచ్’ చాలు. తెలుగులోనూ ‘మేం చేరతాం సరికి’ అనం కదా, ‘చేరేసరికి’ అంటాం. జరగబోయేదని చెప్పే బాధ్యత బస్సు వాక్యానిది. అదే షీటులో ‘బై’కి అర్థం ‘వరకు’ అని ఉంది. అది టిల్. శుక్రవారం వరకు అంటే అప్పటిదాకా పని సాగుతూనే ఉంటుంది. బై ఫ్రైడే అంటే శుక్రవారానికల్లా ముగిసి ఉంటుంది. ఆఫీసు మెయిల్లో ఈ రెండూ తారుమారైతే రిపోర్టు ఎప్పుడొస్తుందో అవతలివాళ్ళకు అర్థం కాదు.

అసలు చెప్పకుండా వదిలేసింది ఇంకొకటి ఉంది. విజయవాడ వెళ్ళే రైలు గురించి ‘రత్నాచల్ ఈపాటికి తుని దాటేసి ఉంటుంది’ అంటాం. ఇంగ్లిష్‌లోనూ అచ్చం అంతే: ‘రత్నాచల్ విల్ హావ్ క్రాస్డ్ తుని బై నౌ’. పేరుకు ఫ్యూచరే, చెప్పేది ఇప్పటి ఊహ. మన వాడుకకు ఇంత దగ్గరగా ఉన్నదాన్ని వదిలేయడం పెద్ద లోటు.

క్లాసుకు వెళ్ళొచ్చు. చేరినవాళ్ళు షీటులో ఆ విల్ కొట్టేసి, ‘వరకు’ ఉన్నచోట ‘కల్లా’ రాసుకున్నాకే చదవడం మొదలుపెట్టాలి.