సర్కారీ సర్వే డేటా ఇన్నేళ్లు వాడాక: గుంటూరు నుంచి ఒక రివ్యూ

ముందు తీర్పు చెప్పేసి తర్వాత సోది మొదలెడతా. రాష్ట్రం మొత్తం మీద ప్రశ్న అడిగితే ఈ డేటా బ్రహ్మాండం, రూపాయి ఖర్చు లేదు, ఇంత సరుకు ఇంకెక్కడా దొరకదు. అదే గుంటూరు జిల్లా గురించి, పల్నాడు గురించి అడిగారా, 2024 దాకా వచ్చిన ఫైళ్లు చేతులెత్తేస్తాయి. ఈ తేడా మొదట్లోనే ఎవరైనా చెప్పుంటే మా పిల్లల్లో సగం మంది థీసిస్ టాపిక్ వేరేగా పెట్టుకునేవాళ్లు.

నేను ఇక్కడ డిగ్రీ పిల్లలకి ఎకనామిక్స్ చెప్తా, మిగతా టైంలో ఆడకూలీల మీద, మిర్చి పనుల మీద రీసెర్చ్. నేను ఎక్కువ వాడింది పీఎల్ఎఫ్ఎస్, అంటే 2017 నుంచి నడుస్తున్న ఉపాధి సర్వే, తర్వాత ఇంటి ఖర్చుల సర్వే హెచ్‌సీఈఎస్, రైతు కుటుంబాల మీద 2019లో చేసిన ఎన్ఎస్ఎస్ (జాతీయ నమూనా సర్వే) 77వ రౌండు. సర్వేలు కాకుండా ఆఫీసు రికార్డుల్లోంచి వచ్చేవి, బడులకి యూడైస్, ఉపాధి హామీ పనుల ఆన్‌లైన్ రికార్డు ఎంఐఎస్ లాంటివి కూడా.

రిపోర్టు వేరు, యూనిట్ డేటా వేరు అని తెలియనోళ్లకి ఒక ముక్క. రిపోర్టులో వాళ్లు వేసిన టేబుల్సే ఉంటాయి. యూనిట్ డేటాలో ఒక్కో లైను ఒక్కో మనిషి, వయసు, చదువు, కులం గ్రూపు, ఏం పని చేస్తున్నాడు, కూలి ఎంత, అన్నీ ఉంటాయి, పేరూ ఊరూ తప్ప. మన టేబుల్ మనమే వేసుకోవచ్చు. ఒకప్పుడు ఇది సీడీల్లో డబ్బు కట్టి తెప్పించుకోవాల్సి వచ్చేది, చిన్న కాలేజీల్లో ఉన్నోళ్లం ఢిల్లీ, హైదరాబాద్‌లో తెలిసినవాళ్లని అడుక్కునేవాళ్లం. ఇప్పుడు కేంద్ర గణాంక శాఖ మైక్రోడేటా పోర్టల్లో లాగిన్ పెట్టుకుని దేనికి వాడతారో రాసి దించుకోవడమే. ఈ ఒక్క మార్పుకే నేను నాలుగు స్టార్లు ఇచ్చేస్తా, మిగతాదంతా ఆ ఐదో స్టారు గొడవే.

దించుకున్నాక అసలు పని మొదలవుద్ది. పాత రౌండ్ల ఫైలు తెరిస్తే కామాలుండవు, కాలమ్ పేర్లుండవు, గోడ కట్టినట్టు అంకెలు, అంతే. పక్కనే లేఅవుట్ అని ఇంకో ఎక్సెల్ ఇస్తారు, అందులో ఫలానా బైటు (అంకె స్థానం) నుంచి ఫలానా బైటు దాకా రాష్ట్రం, తర్వాత జిల్లా, తర్వాత సెక్టారు, అంటే పల్లా పట్నమా, అని ఉంటది, ఆ లెక్క ప్రకారం ముక్కలు కోసుకోవాలి, ఒక్క బైటు జరిగిందంటే వయసు కాలమ్‌లో చదువు కోడు వచ్చి కూర్చుంటది, పైగా సాఫ్ట్‌వేర్ ఎర్రర్ కూడా చూపించదు. కొన్ని రౌండ్లయితే నెస్టార్ ఫార్మాట్‌లో ఉంటాయి, దానికి వేరే ఎక్స్‌ప్లోరర్ వేసి అందులోంచి ఎక్స్‌పోర్ట్ చేసుకోవాలి. కొత్తవి కొన్ని సీఎస్వీల్లో వస్తున్నాయి, ప్రాణం లేచొచ్చింది. లెక్కలేసే సాఫ్ట్‌వేర్ స్టాటా కొనే స్తోమత లేకపోతే బాధపడొద్దు, ఉచితంగా దొరికే ఆర్ చాలు, నా పనంతా అందులోనే.

రెండోది వెయిట్లు. దీని మీద కాస్త ఆగుతా, ఎందుకంటే సెమినార్లలో చూసే తప్పుల్లో మొదటిది ఇదే. సర్వేలో దొరికిన ప్రతి ఇల్లూ కొన్ని వందల, వేల ఇళ్ల తరఫున మాట్లాడుతున్నట్టు లెక్క, ఆ సంఖ్య ఎంఎల్‌టీ అనే కాలమ్‌లో ఉంటది. దాన్ని ఉన్నది ఉన్నట్టు వాడకూడదు. ఎన్ఎస్ఎస్, ఎన్ఎస్‌సీ అని రెండు కాలమ్‌లుంటాయి, ఆ రెండూ సమానమైతే ఎంఎల్‌టీని 100తో, కాకపోతే 200తో భాగించాలి, పీఎల్ఎఫ్ఎస్ ఏడాది లెక్కకైతే ఆపైన క్వార్టర్ల (మూడేసి నెలల ముక్కల) సంఖ్యతో కూడా. ఇది డేటాతో ఇచ్చే సూచనల ఫైలు రీడ్‌మీలో ఉంటది గానీ రీడ్‌మీ చదివేదెవరు చెప్పండి. మొన్న ఒకాయన పేపర్లో ఆడవాళ్ల పని శాతం రిపోర్టుకి ఆమడ దూరంలో వచ్చింది, అదేదో కొత్త ఫైండింగ్ అన్నట్టు చెప్తున్నాడు, తీరా చూస్తే వెయిట్ పెట్టలేదు. అందుకే మా పిల్లలకి ఒకటే రూలు పెట్టా: ముందు ప్రచురించిన రిపోర్టులో ఒక అంకె పట్టుకోండి, మీ కోడుతో అదే అంకె రప్పించండి, అప్పటిదాకా సొంత టేబుల్ ముట్టుకోవద్దు. ఉదాహరణకి 15 ఏళ్లు నిండిన ఆడవాళ్లలో పనిలో ఉన్నవాళ్లు, పని వెతుకుతున్నవాళ్లు కలిపి 2017-18లో 23.3 శాతం, 2023-24కి 41.7. మీకూ అదే వచ్చిందంటే కోడు దార్లో ఉన్నట్టే.

ఇక అసలు మజా పని స్టేటస్ కోడ్‌లలో ఉంది. ఆ 23.3 కాస్తా 41.7 అయిందని పేపర్లలో పెద్ద అక్షరాల్లో వచ్చింది కదా, యూనిట్ డేటా తెరిస్తే ఆ పెరుగుదల ఎక్కడిదో కనిపిస్తది. పని స్టేటస్‌కి 11 అంటే సొంత పని, 21 అంటే ఇంటి వ్యాపారంలోనో వ్యవసాయంలోనో జీతం లేకుండా చేసే సాయం, 31 నెల జీతం, 51 రోజు కూలి, 92 అంటే ఇంటిపని మాత్రమే. పెరిగింది ఎక్కువగా 11, 21ల్లో, 31లో కాదు. ఇప్పుడు తెనాలి దగ్గర రెండు గేదెలున్న ఇల్లు ఒకటి అనుకోండి. పాలు పితికేది ఆమె, గడ్డి కోసేది ఆమె, కేంద్రంలో పాలు పోసి వచ్చేది ఆయన. సర్వే ఆయన వచ్చి మీరేం చేస్తారమ్మా అంటే ఆమె నోట్లోంచి వచ్చేది "ఏం లేదండీ, ఇంట్లోనే ఉంటా" అనే. అడిగే మనిషి ఓపిగ్గా ఇంకో రెండు ప్రశ్నలు వేస్తే ఆమె 21, లేకపోతే 92. అదే మనిషి, అవే గేదెలు. అందుకని ఈ పెరుగుదలలో నిజంగా పెరిగిన పనెంత, మెరుగ్గా అడగడం వల్ల బయటపడిన పనెంత అనేది డేటా ఒక్కదాంతో తేలదు. నేనైతే పక్కన టైమ్ యూజ్ సర్వే పెట్టుకుని చూస్తా, అందులో రోజులో ఏ అరగంట ఏం చేశారో రాయిస్తారు కాబట్టి తప్పించుకోవడం కష్టం. 2024 సర్వేలో జీతం లేని ఇంటిపని చేసే ఆడవాళ్లు దానికి రోజుకి 289 నిమిషాలు పెడుతుంటే చేసే మగాళ్లు 88 నిమిషాలు. మగాళ్ల అంకె చూసి మా ఇంట్లో నవ్వారు, అది కూడా ఎక్కువేనట.

మిర్చి సంగతి. పీఎల్ఎఫ్ఎస్‌లో పరిశ్రమ కోడు ఉంటది, పరిశ్రమల జాతీయ వర్గీకరణ ఎన్ఐసీ 2008 ప్రకారం, సుగంధ ద్రవ్యాల సాగు 0128. బాగుంది. కానీ మా దగ్గర ఆడకూలి జనవరి నుంచి చేలో కాయ కోస్తది, తర్వాత అదే మనిషి తొడిమలు తీసే పనికి పోతది, ఎండాకాలం అయ్యాక పత్తి విత్తనానికో ఉపాధి పనికో. ఏడాది మొత్తానికి మీ ప్రధాన పని ఏంటి అంటే ఒకే కోడు పడాలి. అందుకే గత వారం ఏం పని చేశారన్న లెక్క, అంటే సీడబ్ల్యూఎస్ కాలమ్‌లు, క్వార్టర్ వారీగా విడదీసి వాడితే సీజన్ కొంచెం కనిపిస్తది. కర్నూలు వైపు నుంచి కోతలకి కుటుంబాలకి కుటుంబాలు వచ్చి చేల పక్కన డేరాలేసుకుంటాయి కదా, వాళ్లు మాత్రం ఇందులో దాదాపు జారిపోతారు. సర్వే సూచనల్లో ఆరుబయట ఉన్నా సరే ఒకే చోట ఇంచుమించు క్రమంగా ఉంటేనే లిస్టులో రాయమని ఉంది, వీళ్లేమో ఈ నెల ఈ చేను, వచ్చే నెల ఇంకో చేను, అక్కడ సొంతూళ్లో చూస్తే ఇంటికి తాళం. సర్వే వాళ్ల తప్పని కాదు, పద్ధతే అంత.

హెచ్‌సీఈఎస్ గురించి తొందరగా చెప్పేస్తా, ఎందుకంటే అది నాకు నచ్చింది, నచ్చినదాని గురించి చెప్పేదేముంది. 2011-12 తర్వాత మళ్లీ ప్రచురించింది 2022-23దే, మధ్యలో 2017-18లో చేసింది క్వాలిటీ బాలేదని 2019లో ఆపేశారు. కొత్తదాంట్లో ఒక్కో ఇంటికి మూడుసార్లు వెళ్లి మూడు ప్రశ్నాపత్రాలు నింపారు, ఐటెమ్‌లు 347 నుంచి 405 అయ్యాయి, కాబట్టి పాతదానితో నేరుగా పోల్చి పేదరికం ఇంత తగ్గిందని బల్ల గుద్దడం కుదరదు. మన రాష్ట్రానికి పనికొచ్చేది ఏంటంటే ఫ్రీగా వచ్చినవి, రేషన్ బియ్యం, బడి యూనిఫాం, బూట్లు లాంటివి విడిగా రాయించారు, వాటికి విలువ కట్టి కలిపితే ఒక లెక్క, కలపకపోతే ఒక లెక్క. దేశం మొత్తమ్మీద పల్లెల్లో తలసరి నెల ఖర్చు 3,773 అయితే ఇవి కలిపాక 3,860. ఉచితాలు ఉచితాలు అని టీవీల్లో అరిచేవాళ్లు ఆ రెండు అంకెల మధ్య తేడా ఒకసారి చూసుకుంటే మంచిది.

ఇప్పుడు జిల్లా గొడవ. 77వ రౌండులో ఆంధ్రప్రదేశ్‌లో అప్పున్న రైతు కుటుంబాలు 93.2 శాతం, సగటు అప్పు 2,45,554 రూపాయలు, రెండూ దేశంలోనే ఎక్కువ, దేశం సగటు 74,121 మాత్రమే. ఈ అంకె విన్న ప్రతివాడూ వేసే తర్వాతి ప్రశ్న: మరి గుంటూరులో ఎంత? ఫైల్లో జిల్లా కోడు ఉంది, ఫిల్టర్ కొడితే సాఫ్ట్‌వేర్ మారుమాట్లాడకుండా ఒక సగటు ఇచ్చేస్తది కూడా. నమ్మొద్దు. శాంపిల్ రాష్ట్రానికి సరిపడా తీసింది, జిల్లాకి కాదు. 2023-24 పీఎల్ఎఫ్ఎస్ చూడండి, దేశం మొత్తానికి 1,01,957 ఇళ్లు, జిల్లాల సంఖ్యతో భాగిస్తే సగటున ఒక్కోదానికి 150 కూడా రావు, అందులో మళ్లీ ఆడకూలీలు, అందులో ఎస్సీలు అని తీసుకుంటూ పోతే చివరికి అన్నం మెతుకుల్లా లెక్కపెట్టుకోవాల్సిందే. నేను గరిష్ఠంగా వెళ్లేది ఎన్ఎస్ఎస్ రీజియన్ దాకా, అంటే సర్వే వాళ్లు కొన్ని జిల్లాలు కలిపి చేసిన ప్రాంతం, మనకైతే దక్షిణ కోస్తా, లేదా మూడేళ్లు కలిపి.

పైగా మన జిల్లాలే మారిపోయాయి. 2022 ఏప్రిల్ 4న 13 కాస్తా 26 అయ్యాయి, పాత గుంటూరు మూడు ముక్కలైంది, బాపట్లలోకి ప్రకాశం నుంచి కూడా కొంత వచ్చి కలిసింది, బెజవాడ ఎన్టీఆర్ జిల్లా అయ్యింది. పాత ఫైళ్లలో పల్నాడు అనేదే లేదు, ఉన్న గుంటూరులోంచి నరసరావుపేటని వేరుచేసే దారీ లేదు, ఊరి పేరు తీసేసి ఇస్తారు కాబట్టి. జిల్లా కోడ్‌ల పాత సెన్సస్ వరసలో గుంటూరుది 17, కృష్ణా 16. మన కోడ్‌లు 11 దగ్గర మొదలవడం చూసి కొత్తోళ్లు డేటా పోయిందని కంగారుపడతారు, ఏం పోలేదు, 1 నుంచి 10 దాకా తెలంగాణ జిల్లాలవి.

ఆఫీసు రికార్డుల డేటా దీనికి పూర్తిగా రివర్సు. అక్కడ శాంపిల్ బాధ లేదు, ఊరి దాకా, బడి దాకా దొరుకుద్ది. యూడైస్ కోడు 11 అంకెలు, పాత గుంటూరు జిల్లా బడులన్నీ 2817తో మొదలవుతాయి, ఏ బళ్లో ఎంతమంది, టీచర్లెందరు, మరుగుదొడ్డి ఉందా లేదా అన్నీ చూసుకోవచ్చు. కాకపోతే 2022-23 నుంచి పిల్లల్ని పేరుపేరునా ఎక్కించడం మొదలెట్టారు, దాంతో అంకెలు మారాయి, ముందు ఏళ్లతో నేరుగా పోల్చొద్దని రిపోర్టులోనే రాశారు, అయినా పోల్చేసి పిల్లలు మాయమైపోయారని హెడ్డింగులు పెట్టేశారు. ఉపాధి హామీ ఎంఐఎస్‌లో మస్టర్ రోల్ (కూలీల హాజరు పట్టీ) దాకా కనిపిస్తది, జాబ్ కార్డు మీద పేర్లతో సహా, నిజానికి అంత బయటపెట్టడం నాకు ఇబ్బందిగానే ఉంటది, సర్వే వాళ్లు ఊరి పేరు కూడా దాస్తుంటే ఇక్కడ మనిషి పేరే బజార్లో పెట్టారు. పైగా రికార్డు చెప్పేది ఆఫీసుకి కావాల్సినదే. పని ఇచ్చిన రోజులు ఉంటాయి, అడిగి అడిగి తిరిగొచ్చిన రోజులు ఉండవు. పంట నమోదు చూస్తే పొలం ఎవరి పేరునుందో వాళ్ల పేరే ఎక్కువ, మా వైపు సగం పైగా చేలు కౌలుకి నడుస్తాయని టీ కొట్లో ఎవరినడిగినా చెప్తారు. సర్వేలో అయితే సొంత భూమి ఉన్నా లేకపోయినా సాగు చేస్తూ ఏడాదిలో 4,000 పైన సరుకు తీస్తే రైతు కుటుంబమే, కౌలుదారు కూడా లెక్కలోకొస్తాడు. అందుకే ఎక్కడ ఎంత అనేది రికార్డు నుంచి, ఎవరు ఎందుకు అనేది సర్వే నుంచి తీసుకుంటా, రెండూ కొట్టుకున్న చోట ఊళ్లోకి వెళ్తా.

బయట పెట్టని రికార్డుల కోసం ఒక ఆఫీసు చుట్టూ కూడా తిరిగా. లెటర్ ఇవ్వమన్నారు, ఇచ్చా, పై వాళ్లని అడగాలన్నారు, సారు బదిలీ అయ్యారన్నారు, కొత్త సారు మళ్లీ లెటర్ ఇవ్వమన్నారు. 2023 డేటా రక్షణ చట్టంలో రీసెర్చ్‌కి మినహాయింపు ఉందని ప్రింటవుట్ తీసుకెళ్లి చూపిస్తే దాన్ని కూడా ఫైల్లో పెట్టుకున్నారు. డేటా మాత్రం రాలా.

చివరాఖరికి మంచి వార్త. 2025 జనవరి నుంచి సర్వేల డిజైన్‌లో జిల్లానే మూల స్ట్రాటమ్‌గా పెట్టారు, అంటే శాంపిల్ జిల్లా వారీగా విడివిడిగా తీస్తున్నారు, పీఎల్ఎఫ్ఎస్ శాంపిల్ సుమారు 2.72 లక్షల ఇళ్లకి పెంచారు, పల్లెల్లో కూడా అదే ఇంటికి నాలుగు నెలలు వరసగా వెళ్తున్నారు, 2025 ఏప్రిల్ నుంచి నెలనెలా అంకెలు కూడా వస్తున్నాయి. అంటే మిర్చి సీజన్లో ఒక ఆడకూలి పని నెలనెలా ఎలా మారుతుందో మొదటిసారి ఫైల్లోనే చూడొచ్చు. కాకపోతే డిజైన్ మారింది కాబట్టి 2024ని 2025తో గీత కలిపి గ్రాఫ్ వేయకండి, మధ్యలో గీత తెంపండి. పాత లేఅవుట్ మీద రాసిన స్క్రిప్టులు వీటికి పనికిరావు, నావి తిరగరాసుకుంటున్నా. లాప్‌టాప్ 8 జీబీ ర్యామ్ ఉన్నది చాలు, హెచ్‌సీఈఎస్ ఐటెమ్ ఫైళ్లు మాత్రం లెవెల్ (డేటాని విడగొట్టి ఇచ్చే ముక్క) వారీగా విడివిడిగా తెరవండి, అన్నీ ఒకేసారి లాగితే అది పడుకుంటది.