ఛానలా, ఊరి తెరా, అంగడా, యూట్యూబా: సొంత వీడియోకి ఏ దారి మేలు?

కెనడా ఉత్తర కొసన ఇగ్లూలిక్ అని ఇన్యుయిట్ ఆదివాసుల ఊరొకటి ఉంది. 1970ల్లో శాటిలైట్ టీవీ ఆ ప్రాంతానికి వస్తుంటే ఈ ఊరు రెండుసార్లు ఓటేసి మరీ వద్దంది. టీవీ అంటే భయపడి కాదు. అందులో వాళ్ల ఇనుక్టిటుట్ భాషలో ఒక్క కార్యక్రమమూ లేదు, అంతే. 1982లో ఇన్యుయిట్ బ్రాడ్‌కాస్టింగ్ కార్పొరేషన్ సొంత భాషలో ప్రసారాలు మొదలుపెట్టాక, 1983లో ఆ ఊరు టీవీకి తలుపు తీసింది. ఈలోగా 1981లోనే అక్కడి రాతిబొమ్మల కళాకారుడు జకారియాస్ కునుక్ మాంట్రియల్ వెళ్లి, తన బొమ్మలు అమ్మిన డబ్బుతో వీడియో కెమెరా కొనుక్కొచ్చాడు.

పడమటి బొమ్మల వరదలో మన మాట, మన ముఖం మునిగిపోకుండా వీడియో తీద్దామనుకునే ప్రతి బృందమూ ముందు కెమెరా మోడల్ దగ్గర ఆగిపోతుంది. కెమెరా ఎలాగో ఒకలా దొరుకుతుంది. తీసింది ఎక్కడ చూపిస్తాం, ఎప్పుడు ఆపాలన్నది ఎవరి చేతిలో ఉంటుంది అన్న దగ్గరే కథ అడ్డం తిరుగుతుంది. ప్రపంచంలో జనం నడిచి చూసిన దారులు ప్రధానంగా నాలుగు. వాటిని పక్కపక్కన పెట్టి చూద్దాం.

సొంత ఛానల్

దీని బలం ఒక్కటే, అయినా పెద్దది: రోజూ అదే వేళకి ఇంట్లో మోగుతుంది. పిల్లాడు వెతుక్కోనక్కర్లేదు, ముసలామెకి బటన్లు తెలియనక్కర్లేదు. భాష చెవిన పడుతూనే ఉంటుంది.

ఖర్చు మాత్రం పక్కవాడి జేబులోంచి రావాలి. ఇన్యుయిట్ వాళ్ల కార్యక్రమాలకి మొదట్లో దక్కింది జాతీయ ఛానల్లో కాస్త చోటు, అదీ రాత్రి పొద్దుపోయాక. కెనడా ఉత్తర కొసకి విడిగా నెట్‌వర్క్ వచ్చింది 1992లో. పూర్తిగా ఇనుక్టిటుట్‌లో 24 గంటల ఛానల్, ఉవాగుట్ టీవీ, మొదలైంది 2021 జనవరిలో. 1982 నుంచి లెక్కేస్తే 39 ఏళ్లు. మధ్యలో కునుక్ బృందం 1990లో పెట్టుకున్న ఇసుమా సంస్థ తీసిన సినిమాకి 2001లో కాన్ చిత్రోత్సవంలో తొలి చిత్ర దర్శకుడి పురస్కారం వచ్చింది. పదేళ్లు తిరిగేసరికి, 2011లో, ఆ సంస్థే అప్పుల్లో పడి, అప్పులవాళ్ల తరఫున ఆస్తులు చూసే రిసీవర్ చేతికి వెళ్లింది. కాన్‌లో చప్పట్లు కొడితే కరెంటు బిల్లు తీరదు.

ఆస్ట్రేలియా అనుభవం ఇంకో పాఠం. యుఎండుములోని వార్ల్‌పిరి ఆదివాసులు 1985లో లైసెన్సు లేకుండానే సొంత టీవీ ప్రసారం మొదలుపెట్టారు. ఆ తర్వాత ప్రభుత్వం మారుమూల ఊళ్లకి డిష్, చిన్న ట్రాన్స్‌మిటర్, కెమెరా, వీసీఆర్ కలిపి ఒక సెట్టు ఇచ్చింది. శాటిలైట్ నుంచి వచ్చే కార్యక్రమాన్ని ఆపి, దాని స్థానంలో ఊరి టేపు వేసుకునే వీలు అందులో ఉంది. ఆలోచన బంగారం. కానీ శిక్షణ నామమాత్రం, రిపేరుకి డబ్బు లేదు, టేపులు తీసేవాళ్లకి జీతం లేదు. చాలా ఊళ్లలో ఆ సెట్టు శాటిలైట్ బొమ్మని యథాతథంగా ఊరికి చేరవేసే పెట్టెగా మిగిలింది. అంటే ఏ వరదని ఆపాలనుకున్నారో దానికే కొత్త కాలువ తవ్వినట్టయింది. పరికరాల గ్రాంటు వస్తుందంటే ముందు అడగాల్సింది ఇది: రెండో ఏడాది కనెక్టర్లకి, బ్యాటరీలకి, మనిషి జీతానికి డబ్బు ఎవరిస్తారు?

ఊరి తెర

బ్రెజిల్‌లో విన్సెంట్ కరెల్లి 1986లో మొదలుపెట్టిన పని చూడండి. నంబిక్వారా ఆదివాసుల ఊళ్లో ఆడపిల్ల ఈడేరిన పండగ తీశారు. తీసింది అక్కడికక్కడే వాళ్లకి వేసి చూపించారు. చూసుకున్నవాళ్లకి నచ్చలేదు, ఒంటి మీద బట్టలు ఎక్కువయ్యాయన్నారు. మళ్లీ రంగులు పూసుకుని, నగలు పెట్టుకుని, సరైన తీరులో చేశారు. ఆ ఊపులోనే 20 ఏళ్లకి పైగా వదిలేసిన ముక్కు, పెదవి కుట్టే ఆచారాన్ని మళ్లీ పట్టుకున్నారు. బయటి ప్రేక్షకుడు ఒక్కడూ లేకుండా ఇంత పని జరిగింది. తీసినవాళ్లూ చూసినవాళ్లూ ఒకరే కావడమే దాని బలం.

మన దగ్గర దీనికి దగ్గరి చుట్టం జహీరాబాద్ పక్కన పస్తాపూర్‌లో ఉంది. డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల దళిత మహిళా రైతులు కెమెరా పట్టారు. 2002లో బీటీ పత్తికి అనుమతి వచ్చాక, వరంగల్ రైతుల చేలల్లో ఏం పండిందో, ఎంత ఖర్చయిందో సీజన్ తర్వాత సీజన్ వెళ్లి రికార్డు చేశారు. పెద్ద విత్తన కంపెనీ ప్రకటనలకి ఎదురుగా రైతు నోటి లెక్క నిలబెట్టారు. షాట్లకి పేర్లు కూడా వాళ్లే పెట్టుకున్నారు. మంచం మీది దొర కింద కూర్చున్నవాళ్లని చూసినట్టు పైనుంచి తీస్తే పటేల్ షాట్. సంఘంలో అందరూ ఒకే చాప మీద కూర్చున్నట్టు కంటికి కన్ను ఎత్తులో తీస్తే సంఘం షాట్. సినిమా బడి పుస్తకంలో 'ఐ లెవెల్' అన్న మాట చదివినవాడికి ఎత్తు తెలుస్తుంది. 'సంఘం షాట్' అన్నవాళ్లకి ఆ ఎత్తు ఎందుకో కూడా తెలుసు.

కెమెరాలో దాగి ఉన్న పెత్తనం సంగతీ ఇక్కడే చెప్పుకోవాలి. ఎక్స్‌పోజర్ (వెలుగు మోతాదు) చూసుకోవడానికి కెమెరా తెర మీద పడే జీబ్రా గీతలని ముఖం మీద 70 శాతం దగ్గర పెట్టుకోమని పాత మాన్యువళ్లు చెబుతాయి. ఆ 70 తెల్ల చర్మానికి కట్టిన లెక్క. నల్లని ముఖాన్ని అదే లెక్కన తీస్తే పాలిపోయి బూడిద పూసినట్టు ఉంటుంది. 50–60 మధ్య ఆపితే రంగు నిలుస్తుంది. ఫోన్ ఆటోలో తప్పు దీనికి తిరగబడి వస్తుంది: వెనక తెల్లని ఆకాశం ఉంటే ఫోన్ ఆకాశానికి సర్దుకుని ముఖాన్ని మసి చేస్తుంది. ముఖం మీద వేలు నొక్కి పట్టి ఎక్స్‌పోజర్ లాక్ చేసి, కాస్త పైకి జరపండి. లేదా మనిషిని చెట్టు నీడ అంచుకి తెచ్చి, ఆకాశం ఫ్రేములో లేకుండా చూడండి. 'బ్యూటీ' ఆప్షన్ ఆపేయడం మరవొద్దు, చాలా ఫోన్లలో అది అడక్కుండానే ఆన్‌లో ఉండి చర్మాన్ని తెల్లబరుస్తుంది.

ఇక తెర కట్టే లెక్క. 8 అడుగుల వెడల్పు, నాలుగున్నర అడుగుల ఎత్తు తెరకి 3000 ల్యూమెన్ల వెలుగిచ్చే ప్రొజెక్టర్ చాలు, కాకపోతే పూర్తిగా చీకటి పడ్డాక. వీధి దీపం తెర మీద పడితే ఆ 3000 ఎందుకూ పనికిరాదు, ఆ పూటకి ఆ స్తంభం లైటు ఆపమని పంచాయతీలో ముందే చెప్పుకోవాలి. ఒంటి పొర పంచె కడితే వెలుగు సగం వెనక్కి పోతుంది, రెండు పొరలు వేయండి. కింది అంచుకి కర్ర కట్టకపోతే గాలికి బొమ్మ ఊగుతుంది. ప్రొజెక్టర్, సౌండ్ కలిపి 400 వాట్లు అనుకుంటే, 150 ఆంపియర్ అవర్ ఇన్వర్టర్ బ్యాటరీని సగం వరకే వాడుకుంటూ రెండు గంటలకి కాస్త తక్కువ ఆట నడుస్తుంది. కరెంటు ఉన్నా ఇన్వర్టర్ మీదుగానే ఇవ్వండి, లేకపోతే ఆట మధ్యలో కరెంటు పోయినప్పుడు చల్లారకుండా ఆగిన ప్రొజెక్టర్ బల్బు ఆయుష్షు తగ్గుతుంది. సౌండ్ బాక్సులు తెరకి రెండు పక్కలా మనిషి తల ఎత్తులో పెట్టాలి. బొమ్మ మసకగా ఉన్నా జనం కూర్చుంటారు, మాట వినపడకపోతే పది నిమిషాల్లో లేచిపోతారు. అందుకే కొత్త కెమెరాకి ముందు కాలర్ మైక్ కొనాలి.

పెన్ డ్రైవ్ మీద పక్క ఊరికి పంపేటప్పుడు ఎక్కువమంది బోల్తాపడేది రెండు చోట్ల. ఒకటి, పాత టీవీలు ఫ్యాట్32 ఫార్మాట్ డ్రైవునే చదువుతాయి, దాంట్లో ఒక్క ఫైలు 4 జీబీ దాటకూడదు. 8 ఎంబీపీఎస్ బిట్‌రేట్‌తో హెచ్ 264 అనే కుదింపు పద్ధతిలో తీస్తే గంట సినిమా 3.6 జీబీ వస్తుంది, సరిపోతుంది. అంతకంటే పొడవైతే రెండు భాగాలు చేయండి. రెండోది సబ్‌టైటిల్. విడిగా ఎస్ఆర్‌టీ ఫైలు పెడితే చాలా టీవీల్లో తెలుగు డబ్బాలుగా వస్తుంది, లేదా ఒత్తులు విడిపోతాయి. గోండి మాటకి తెలుగు వేసినా, తెలుగు మాటకి హిందీ వేసినా, అక్షరాలని బొమ్మలోనే కాల్చేసి పంపండి. కాల్చే ముందు 'స్త్రీ', 'క్ష్మి' లాంటి నాలుగు అక్షరాలు సరిగా పడుతున్నాయో చూసుకుంటే మొత్తం మళ్లీ చేసే పని తప్పుతుంది.

ఈ దారి బలహీనత దాచక్కర్లేదు: ఒక్క రాత్రికి రెండొందల మంది. డబ్బు రాదు. తిరిగే మనుషులు అలసిపోతే ఆట ఆగిపోతుంది.

అంగడి

1992లో నైజీరియాలో కెనెత్ న్నెబ్యూ ఇగ్బో భాషలో తీసిన వీడియో సినిమాని థియేటర్ల వైపు చూడకుండా నేరుగా వీహెచ్ఎస్ క్యాసెట్ల మీద అమ్మాడు. ఒనిట్షా, లాగోస్ ఇడుమోటా బజార్లలో ఎలక్ట్రానిక్ సామాను అమ్మే వర్తకులే పెట్టుబడిదారులయ్యారు. ఒక గ్రాంటు లేదు, ఒక పాశ్చాత్య చిత్రోత్సవం ఆశీర్వాదం లేదు. 2006లో తీసిన సినిమాల మీద యునెస్కో 2009లో ఇచ్చిన లెక్కలో భారత్ 1,091, నైజీరియా 872, అమెరికా 485. ఇళ్లలో టీవీ ముందు హాలీవుడ్‌ని పక్కకి నెట్టింది ఉపన్యాసాలు కాదు, ఈ క్యాసెట్లు.

ఈ దారి షరతులు వేరు. సినిమా ఒకటి రెండు వారాల్లో తీసెయ్యాలి. విడుదలయ్యాక పైరసీ కాపీ అందుకునేలోపు, మహా అయితే రెండు వారాల్లో, డబ్బు రాబట్టుకోవాలి. క్యాసెట్ నుంచి క్యాసెట్‌కి ఎక్కిస్తూ పోతే మూడో తరానికే రంగులు కారిపోయి, మాట గరగరలాడేది. అందుకే ఆ సినిమాల్లో అరుపులు ఎక్కువ, దగ్గరి షాట్లు ఎక్కువ అంటే పూర్తిగా తప్పు కాదు.

భాష దగ్గర మాత్రం అంగడి దెబ్బ కొట్టింది. మొదటి హిట్టు ఇగ్బో. పద్నాలుగేళ్లకి అదే యునెస్కో లెక్కలో ఇంగ్లిష్ 44 శాతం, యొరూబా 31, హౌసా 24, ఇగ్బో 1. ఎక్కువ మందికి అమ్మాలంటే ఇంగ్లిషే దారి అని ఇగ్బో వర్తకులే తేల్చుకున్నారు. దాని వెక్కిరింత 2019లో వచ్చింది: నైజీరియా మొదటిసారి ఆస్కార్ అంతర్జాతీయ విభాగానికి పంపిన సినిమాని, అందులో ఇంగ్లిష్ మాటలు ఎక్కువున్నాయని తీసేశారు. ఇంగ్లిష్ నేర్పినవాళ్లే, నువ్వు మాట్లాడేది నీ భాష కాదు పో అన్నట్టు.

యూట్యూబ్

ఖర్చు లేదు, గల్ఫ్‌లో ఉన్న కొడుకు కూడా చూస్తాడు. జగిత్యాల జిల్లా లంబాడిపల్లి నుంచి మై విలేజ్ షో గంగవ్వ మాటని ఫిల్మ్‌నగర్ గడప తొక్కకుండానే ప్రపంచమంతా తిప్పింది. సినిమాల్లో ఏళ్లపాటు హాస్యానికో, రౌడీకో వాడుకున్న యాస అది. ఈ లాభం చిన్నది కాదు.

నష్టం రూల్స్‌లో ఉంటుంది. జాతరలో వెనకాల మైక్ సెట్ వాడు వేసిన పాట మీ వీడియోలో పడిందనుకోండి. కంటెంట్ ఐడీ అనే యూట్యూబ్ మిషన్ దాన్ని ఏదో కంపెనీ రికార్డుతో పోల్చి, ఆ పాట వాళ్లదని క్లెయిమ్ వేస్తుంది, ఆదాయం అటు పోవచ్చు. మీరు అభ్యంతరం చెబితే జవాబివ్వడానికి వాళ్లకి 30 రోజుల గడువు. తాతల నాటి జానపదమే అయినా, దాన్ని మొదట రికార్డు చేసినవాడి పేరే మిషన్‌కి తెలుసు. దీనికి మందు షూటింగ్ దగ్గరే ఉంది: మనిషి మాట కాలర్ మైక్‌లో వేరే ట్రాక్‌గా తీసుకుంటే, పాటని తగ్గించో తీసేసో మాట నిలుపుకోవచ్చు. యాడ్ల డబ్బు కావాలంటే 1,000 మంది సబ్‌స్క్రైబర్లు, 12 నెలల్లో 4,000 గంటల వీక్షణ (లేదా 90 రోజుల్లో షార్ట్స్‌కి కోటి వ్యూలు) ఉండాలి. ఊరికి ముఖ్యమైన 40 నిమిషాల విత్తనాల చర్చ ఆ గంటలు తేదు, దాంతో మెల్లగా థంబ్‌నెయిల్ మీద నోరు తెరిచిన ముఖాలు మొదలవుతాయి. నంబిక్వారా వాళ్ల ఒంటి రంగుల పండగ లాంటిది పెడితే అది డాక్యుమెంటరీ అని వివరణలో రాసుకుని, అయినా తీసేస్తారేమోనని భయంభయంగా ఉండాల్సిందే.

వెనక్కి తీసుకోలేకపోవడం అన్నిటికంటే పెద్ద చిక్కు. వార్ల్‌పిరి వాళ్లలో చనిపోయిన మనిషి బొమ్మ చూపించకూడదు. ఊరి అల్మారాలో టేపు ఉంటే దాన్ని పక్కన పెడతారు, దుఃఖం తీరాక పెద్దలు చెబితే మళ్లీ తీస్తారు. ఒకసారి అప్‌లోడైన వీడియో ఎన్ని ఫోన్లలో ఉందో ఎవరికి తెలుసు? సొంత సర్వర్ మీద పీర్‌ట్యూబ్ (సొంత వీడియో సైటు నడుపుకునే ఉచిత సాఫ్ట్‌వేర్) పెట్టుకుంటే రూల్స్ మనవే అవుతాయి, కానీ ప్రతి నెలా అద్దె, అప్‌డేట్లు చూసే మనిషి కావాలి. ఆ మనిషి లేనిదే మొదలుపెట్టొద్దు.

అయితే ఏది?

డబ్బు, ప్రభుత్వ హామీ, పదేళ్లు నిలబడే మనుషులు ఉంటే ఛానల్‌కి సాటి లేదు, మూడింట్లో ఒకటి తగ్గినా వద్దు. కథలు చెప్పి బతకాలనుకునే కుర్రాళ్లకి అంగడే నయం, భాష విషయంలో మాత్రం ముందే ఒట్టేసుకోవాలి. పదిమంది సభ్యులున్న సంఘానికి, రైతు బృందానికి, తండాకి మా ఓటు ఊరి తెరకే. ముందు అక్కడ ఆడాలి, జనం ఏం తీసేయమన్నారో తీసేయాలి, ఆ తర్వాతే యూట్యూబ్‌లో పెట్టాలి. పూర్తి సినిమా కాకుండా ఐదు నిమిషాల ముక్క చాలు, మిగతాది కావాలంటే తెర కట్టించుకోమని చెప్పొచ్చు.

అసలు ఫుటేజ్‌ని ఎడిట్ అయ్యాక తుడిచేయొద్దు. ఫోన్‌లో ఫుల్ హెచ్‌డీ నిమిషానికి 130 ఎంబీ లెక్కన 10 గంటలకి 78 జీబీ అవుతుంది, మోయలేనిదేం కాదు. రెండు హార్డ్ డిస్కులు, రెండు వేర్వేరు ఇళ్లలో. ఆరు నెలలకోసారి రెండూ తగిలించి తెరిచి చూడాలి. వానాకాలంలో లెన్సులని సిలికా జెల్ సంచితో గాలి చొరని డబ్బాలో పెట్టాలి, లేకపోతే బూజు పడుతుంది. డిస్కు మీద తేదీ, ఊరు, మాట్లాడినవాళ్ల పేర్లు, ఎవరు ఏది చూపించొద్దన్నారో కాగితం మీద రాసి అతికించండి.