అంతర్యుద్ధ కాలపు టోకెన్లు: జెండా బొమ్మదా, దుకాణదారు పేరున్నదా?

అమెరికా అంతర్యుద్ధ కాలపు టోకెన్లను, అంటే చిల్లర నాణేలకు బదులు ప్రైవేటు వ్యక్తులు ముద్రించిన బిళ్ళలను, సేకరించదలచినవారు తరచుగా అడిగే ప్రశ్న ఒకటే: జెండాలు, నినాదాలు ఉన్న దేశభక్తి టోకెన్లతో మొదలుపెట్టాలా, వ్యాపారి పేరు ముద్రించిన దుకాణపు టోకెన్లతోనా? 1862లో జనం బంగారం, వెండితో పాటు రాగి-నికెల్ సెంట్లను సైతం దాచుకోవడంతో ఏర్పడిన చిల్లర కొరతలోనుంచే ఈ రెండూ వచ్చాయి. రెండూ ఎక్కువగా రాగివే, సెంటంత పరిమాణం గలవే, సెంటుగా చేతులు మారినవే కనుక లోహాన్ని చూసి ఎంచుకోవడానికి ఏమీ లేదు.

అందంలో దేశభక్తి టోకెన్లదే పైచేయి. జెండాను దించబోయేవాణ్ణి అక్కడికక్కడే కాల్చివేయమన్న అప్పటి ఖజానా మంత్రి జాన్ డిక్స్ ఆదేశాన్ని ముద్రించినవి మరీ ప్రసిద్ధం. వాటిలో కొన్నింటి మీద ఆ ఆవేశపు వాక్యంలోనే అక్షరదోషం దొర్లడం నాకు ముచ్చటగా ఉంటుంది.

అయినా నా దృష్టిలో అసలు విషయం వేరు: ఆ బిళ్ళను ఎవరి దగ్గరకు తీసుకువెళితే డబ్బు ఇస్తారు? దేశభక్తి టోకెన్ల మీద సాధారణంగా బాధ్యుడి పేరు ఉండదు. ఎదుటివాడు పుచ్చుకున్నంత కాలమే వాటికి విలువ. దుకాణపు టోకెన్ మీద పేరు, వృత్తి, తరచుగా వీధి కూడా ఉంటాయి. న్యూయార్క్ మద్యశాల యజమాని గుస్తావస్ లిండెన్‌ముల్లర్ కథను దీనికి విరుద్ధంగా చెబుతుంటారు: పది లక్షలకు పైగా టోకెన్లు వదిలిన ఆయన, థర్డ్ ఎవెన్యూ రైలు కంపెనీ ఛార్జీల రూపంలో తన దగ్గర పోగుపడినవాటిని మార్చి ఇమ్మని వస్తే నిరాకరించాడట. కానీ ఆ కంపెనీకి అడగడానికి ఒక గడప అంటూ దొరికింది గదా. జెండా బొమ్మను ఎవరిని నిలదీస్తారు? పైగా ఆ పేరును పట్టుకుని నాటి నగర డైరెక్టరీల్లో (పేర్లు, చిరునామాల పుస్తకాల్లో) ఆ వ్యాపారిని వెతకవచ్చు. అందుకే ఒహైయో రాష్ట్రంలోని సిన్సినాటి నగరపు దుకాణపు టోకెన్లతో మొదలుపెట్టమంటాను. అక్కడి వ్యాపారుల పేర్లతో రకాలు విరివిగా ఉన్నాయి.

ప్రభుత్వం 1864 ఏప్రిల్ 22 చట్టంతో కంచు సెంట్లు తెచ్చి, ప్రైవేటు ఒకటి, రెండు సెంట్ల బిళ్ళలను నిషేధించింది కనుక రెండు రకాలకూ కాలపరిధి ఇంచుమించు ఒకటే.

ఇక జాన్ గాల్ట్ 1862లో పేటెంటు పొందిన, తపాలా బిళ్ళను ఇత్తడి తొడుగులో అభ్రకపు రేకు కింద బిగించిన నాణేలు ఖరీదైనవి. మొదలుపెట్టేవారికి అవసరం లేదు. సైనిక శిబిరాల వెంట తిరిగిన వర్తకుల టోకెన్లు ప్రత్యేకాభిరుచి గలవారికే.