పాత సిమెంటు రేకులు దించిన టీమ్ గురించి నా రివ్యూ (విజయనగరం)

5కి 4 స్టార్లు ఇస్తున్నాను, ఆ ఒక్కటి ఎందుకు తగ్గించానో కింద చెప్తాను. మాది అంబటిసత్రం వైపు పాత ఇల్లు, ముందు పెంకులు, వెనక వంటగది మీద, పెరటి వసారా మీద తాతగారు 80ల్లో వేయించిన సిమెంటు రేకులు. నాచు పట్టేసి, పైపొర అరిగిపోయి, చేత్తో రుద్దితే పొడి రాలేలా అయిపోయాయి, పైడితల్లమ్మ పండక్కి చుట్టాలొచ్చేలోపు మార్చీయాలని నాన్నగారి పట్టు.

మన దగ్గర సిమెంటు రేకులంటే అందరికీ ఉత్త సిమెంటే. ఆ కాలం రేకుల్లో సుమారు 10 శాతం దాకా ఆస్బెస్టాస్ (రాతినార) పీచు ఉంటుంది, కంటితో చూసి ఉందో లేదో చెప్పలేం, అందుకని పాత రేకు అంటే ఉందనే అనుకుని పని చేయించుకోవాలి. పొడి రాలకుండా, కదలకుండా పైన ఉన్నంతసేపు పెద్ద భయం లేదు. పగలగొట్టినా, కోసినా, డ్రిల్ పెట్టినా, గీకినా కంటికి కనపడని పీచు గాల్లోకి లేస్తుంది, ఊపిరితిత్తుల్లోకి వెళ్లి అక్కడే ఉండిపోతుంది, జబ్బు బయటపడేది ఎప్పుడో 20, 30, 40 ఏళ్ల తర్వాత. ఊపిరితిత్తుల క్యాన్సర్, మెసోథెలియోమా (ఊపిరితిత్తుల చుట్టూ ఉండే పొరకి వచ్చే క్యాన్సర్) రెండూ దీంతో వస్తాయి, ఏ రకం ఆస్బెస్టాస్ అయినా క్యాన్సర్ కారకమేనని డబ్ల్యూహెచ్ఓ (ప్రపంచ ఆరోగ్య సంస్థ) చెప్తోంది. బ్రిటన్ 1999లో, ఆస్ట్రేలియా 2003 ఆఖర్లో దీని వాడకం పూర్తిగా ఆపేశాయి. మన దగ్గర అందులో ఒక రకమైన తెల్ల ఆస్బెస్టాస్ ఇంకా బయట దేశాల నుంచి దిగుతూనే ఉంది.

ముందు ఒకాయన్ని పిలిస్తే, పైకి చూసి "సుత్తి పట్టుకుని మా కుర్రోళ్లు పూటలో లాగీస్తారండి" అన్నాడు, ఆయన్ని వద్దన్నాం. తర్వాత కొత్త రేకులు కొన్న షాపు వాళ్లు ఈ టీమ్‌ని కుదిర్చారు. మేస్త్రి వయసులో పెద్దాయన, అమ్మ పిల్లలున్న ఇల్లని చెప్పగానే "అలగైతే తడిపి దించుదాం తల్లీ, పగలకుండా దించితే మీకూ మంచిది, మా గుంటలకీ (కుర్రాళ్లకీ) మంచిది" అన్నారు, ఆ మాటతోనే నాకు నమ్మకం వచ్చింది.

పని చేసిన పద్ధతి వివరంగా రాస్తున్నా, ఎందుకంటే అసలు డబ్బులు పెట్టింది దానికే. మొక్కలకి మందు కొట్టే స్ప్రేయర్ కొత్తది ఒకటి కొని (పాతది వాడితే అందులో పురుగుమందు ఉంటుంది కదా) నీళ్లలో కొంచెం గిన్నెలు తోమే లిక్విడ్ కలిపి నెమ్మదిగా చల్లారు, ఫోర్సుగా పైపు పెట్టి కొట్టలేదు, అలా కొడితే పైపొర లేచిపోతుంది. రేకుల్ని పట్టి ఉంచే, తుప్పు పట్టిన జె హుక్కుల్ని సుత్తితో కొట్టకుండా, గ్రైండర్ పెట్టకుండా, కింద నుంచి హాక్సా బ్లేడుతో ఇనుము మాత్రమే కోశారు. రేకు మీద ఎవరూ కాలు పెట్టలేదు, పలకలు వేసుకుని వాటి మీదే నడిచారు. ఇది మరీ ముఖ్యం, పాత రేకు విరిగి కింద పడి ప్రాణాలు పోయినవాళ్లు ఉన్నారు, పైగా తడిపితే జారుతుంది. ఒక్కో రేకు పసిపిల్లని అందించినట్టు చేతికి చేతికి అందించి దించారు, మందం పాలిథిన్ షీటులో చుట్టి టేపు వేశారు. రాలిన ముక్కలు తడిగుడ్డతో తుడిచి ఆ గుడ్డ కూడా కవరులో పడేశారు, చీపురు ముట్టుకోలేదు. సెప్టిక్ ట్యాంకు గాలి గొట్టం కూడా పాత సిమెంటుదే, అది కోయొద్దంటే మొత్తంగా ఊడదీశారు.

మా వైపు నుంచి పిల్లల్ని బొబ్బిలి పంపించాం, బియ్యం డబ్బాలు, గిన్నెలు ముందు గదిలోకి మార్చాం, బావి మీద టార్పాలిన్ కప్పాం, పక్కింటి పిన్నిగారికి చెప్తే కిటికీలు వేసుకుని ఆరేసిన బట్టలు తీసుకున్నారు.

ఇక తగ్గించిన ఆ ఒక్క స్టారు. మాస్కులు వాళ్లు తేలేదు, ముఖానికి తువ్వాలు చుట్టుకుని వచ్చారు, తువ్వాలు ఈ పీచుని ఆపదు. మేమే ఎన్95 మాస్కులు కొనిచ్చాం, నిజానికి ఈ పనికి అవి చాలవు, సన్న పీచుని ఆపే పి100 ఫిల్టర్ వేసుకునే రబ్బరు మాస్కే సరైనది. ఇద్దరు కుర్రాళ్లు మాస్కు కిందకి లాగి పైనే బీడీ ముట్టించారు, పొగ తాగేవాళ్లకి ఆస్బెస్టాస్ తోడైతే ఊపిరితిత్తుల క్యాన్సర్ ముప్పు చాలా రెట్లు పెరుగుతుంది, చెప్తే నవ్వి ఊరుకున్నారు, నాకు నిజంగా బాధేసింది. ఆ బట్టలతోనే ఇంటికెళ్తే వాళ్ల పిల్లల మీదకీ పోతుంది, అందుకే వెళ్లేముందు స్నానానికి నీళ్లు పెట్టి, బట్టలు తడిపి విడిగా కవరులో పెట్టించాం.

రేకులు ఏం చేయాలన్నది ఇంకా తేలలేదు. పశువుల శాలకి ఇమ్మని ఇద్దరు ముగ్గురు అడిగారు, పొడి రాలుతున్నవి కాబట్టి ఇవ్వలేదు. ముక్కలు కొట్టి రోడ్డు గుంతల్లో వేస్తుంటారు, అది అన్నిటికన్నా ఘోరం, బళ్లు రోజూ నలిపి పొడి చేస్తాయి. హుద్‌హుద్ తుఫాను అప్పుడు 2014లో మా వీధిలో, తిత్లీ అప్పుడు 2018లో పలాస వైపు, పగిలిన రేకులు జనం ఉత్త చేతుల్తో ఊడ్చి కుప్పలు పోశారు. విశాఖ దగ్గర పరవాడలో ప్రమాదకర వ్యర్థాలు పూడ్చే చోటు ఉంది కానీ అది ఫ్యాక్టరీల కోసం నడిచేది. ఇళ్ల నుంచి వచ్చే రేకులు తీసుకోడానికి మున్సిపాలిటీ వాళ్లు ఒక స్థలం చూపించాలి, తుఫాన్లు తప్పని జిల్లాలు మనవి. మావి ప్రస్తుతం చుట్టినవి చుట్టినట్టే పెరటి గోడవార ఉన్నాయి, ఎవర్నీ ముట్టుకోనివ్వట్లేదు.

కొత్తవి రంగు రేకులు, బిగింపు బాగుంది, వానకి సౌండు మాత్రం ఎక్కువ. మామూలు కన్నా ఇద్దరి కూలి అదనంగా పడింది, అది ఇవ్వాల్సిందే. మీ ఇంట్లో ఇలాంటి పని పెట్టుకుంటే అడ్వాన్సు ఇచ్చేముందు మేస్త్రిని బోల్టులు ఎలా తీస్తారని అడగండి, సుత్తి అన్నా గ్రైండర్ అన్నా ఇంకొకరిని చూసుకోండి.